పిన్ సరిపోయింది సరే, మిషన్ సంగతేంటి?

కోనసీమలో మేత కొట్లోనో ఎరువుల కొట్లోనో కార్డు పెడితే తెర మీద ఒక లెక్క, ఖాతాలో ఇంకో లెక్క అనే గొడవ మళ్లీ లేచింది. బ్యాంకుల జవాబు పాతదే: చిప్ కార్డు, పిన్ సరిపోయింది, కాబట్టి కట్టింది మీరే.

వెనక నల్ల అయస్కాంత గీత ఉన్న పాత కార్డులు పోయి చిప్ కార్డులు ఎలా వచ్చాయో, వాటిని మార్చుకోవడానికి పెట్టిన 2018 డిసెంబరు 31 గడువు హడావిడేంటో అందరికీ గుర్తే. అసలు మలుపు అంతకు పన్నెండేళ్ల ముందు, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో. మర్డాక్, డ్రిమర్ అనే ఇద్దరు పరిశోధకులు షాపుల్లో వాడే కార్డు మిషన్ లోపలి సరుకంతా మార్చేసి, పైకి మాత్రం అలాగే ఉంచి, దాని తెర మీద టెట్రిస్ ఆట ఆడించారు. 2007లో ఇంకో మెట్టెక్కి, ఇక్కడ చిన్న బిల్లు చూసి మనం పిన్ నొక్కుతుంటే, అదే క్షణంలో మన కార్డు వేరే కొట్లో ఎవడో కొంటున్న ఖరీదైన వస్తువుకి డబ్బు కట్టేలా చేయొచ్చని చూపించారు.

చిప్‌లో లోపమేం లేదు. దాని లోపలి రహస్యం బయటికి రాదు, నకలు తీయడం కుదరదు. కాకపోతే దానికి తెర లేదు, మీటలు లేవు, మిషన్ ఎంతని పంపితే అంతకీ ఒప్పుకుంటుంది, చూపు లేని పెద్దాయన చేత దస్తావేజు మీద వేలిముద్ర వేయించినట్టు. 2010లో అదే కేంబ్రిడ్జి బృందం అసలు పిన్ తెలియకుండానే రసీదు మీద 'పిన్ సరిపోయింది' అని అచ్చు వేయించింది. అవి బ్రిటన్ కార్డులు, ఆ రోజుల మాట, నిజమే. అయినా ఆ ఒక్క లైను చూపించి మనిషిని ఇంటికి పంపేయడం ఎలా కుదురుతుంది?

మన కొట్లలో మిషన్ ఉండేది గల్లాపెట్టె వెనక. కార్డు కుర్రాడి చేతికెళ్తుంది, 'పిన్ చెప్పండి బాబాయ్ గారూ' అంటాడు, ఆయన నలుగురికీ వినపడేలా చెబుతారు, నొక్కేది కూడా వాడే. పిన్ బయటికి చెప్పడం తప్పేనండీ, బ్యాంకులు అనే ఆ మాట వరకూ న్యాయమే. ఎంత పోయిందో మన సొంత తెర మీద చూపించేది ఫోన్‌కొచ్చే మెసేజ్ ఒక్కటే, బ్యాంకులో ఇచ్చిన నంబరేమో కువైట్ వెళ్లిన కూతురిది.

2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ కస్టమర్‌దీ కాకుండా మూడోవాళ్ల వైపు జరిగితే, మూడు పని దినాల్లో ఫిర్యాదు చేసినవాళ్ల మీద బాధ్యత సున్నా. తప్పు కస్టమర్‌దే అంటే నిరూపించాల్సింది బ్యాంకే. ఇప్పుడు ఫిర్యాదుదారులు అడిగేది కూడా అంతే: ఆ రోజు వాడిన మిషన్ ఎవరి పేరున ఉంది, దాన్ని ఎవరైనా విప్పి చూశారా?