రోహిణి ఎండలో పసిబిడ్డకు నీళ్లు పట్టాలా?

మే నెలాఖరున నెల్లూరులో పురిటి ఇంటికి వెళ్తే మొదట వినపడేది దాహం మాటే. బయట 42 డిగ్రీల ఎండ, లోపల వేడిగాలిని తిప్పికొట్టే ఫ్యాను. పెద్దవాళ్లే గంటకోసారి కూజా దగ్గరికి నడుస్తుంటే, ఉయ్యాలలోని నెలల బిడ్డకు నోరు ఎండిపోతోందేమోనన్న బెంగ ఎవరికైనా కలుగుతుంది. "కాచి చల్లార్చిన నీళ్లు ఒక్క చెంచాడు పోస్తే ఏమవుతుందమ్మా" అని ఆ ఇంటి అవ్వ అడగడంలో తప్పేమీ లేదు. "ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డాక్టరు అన్నారు" అని ఒక్క ముక్కతో ఆమె నోరు మూయించడమే తప్పు. ఎందుకు వద్దన్నారో చెబితే అర్థం చేసుకోలేనిదేమీ కాదు ఆమె.

తల్లిపాలలో 87 శాతానికి పైగా నీరే. నెల దాటిన బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుందనుకుంటే, అందులో 650 మిల్లీలీటర్లు నీరుగానే ఒంటికి పడుతుంది. ఆ నీరు ఎలా ఖర్చవుతుందన్నది ఇంకా ముఖ్యం. పెద్దవాళ్లలా మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పసిబిడ్డ మూత్రపిండాలకు ఇంకా రాదు. ప్రొటీన్లు, లవణాలు ఎక్కువున్న పాలు పడితే వాటి వ్యర్థాలను బయటికి పంపడానికే బోలెడు నీరు కావాలి. గేదె పాలలో ప్రొటీను సుమారు 4 శాతం, ఆవు పాలలో 3 శాతం పైన. తల్లిపాలలో ఒక్క శాతం దగ్గర. మూత్రపిండాల మీద భారం అంత తక్కువ కాబట్టే చెమటకూ ఊపిరికీ పోయే నీరు మిగులుతుంది. మన దేశంతో సహా చాలా వేడి దేశాల్లో పిల్లల వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. తల్లిపాలు తప్ప చుక్క నీరు తాగని బిడ్డల మూత్రం నడివేసవిలో కూడా ప్రమాదకరంగా చిక్కబడలేదు. ఎండ ముదిరినప్పుడు బిడ్డ ఇంకో రెండు మూడుసార్లు ఎక్కువగా పాలకు ఏడుస్తుంది, పట్టాలి, అంతే. కూజా నీళ్లు కావలసింది తల్లికి. పాలిచ్చే ప్రతిసారీ ఆమె చేతికందేలా నీళ్లో మజ్జిగో పెట్టేవాళ్లు ఇంట్లో ఒకరుంటే అవ్వ బెంగ అక్కడితో తీరుతుంది.

చెంచాడు నీళ్లతో ప్రాణం పోదు, నిజమే. కాకపోతే చెంచా ఒక్కటితో ఆగదు. పుట్టిన మొదటి రోజు బిడ్డ ఒక్కో విడతకు తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్లు. ఆ చిన్న పొట్టలో నీళ్లు చేరితే ఆకలి చచ్చి, రొమ్ము పట్టడం తగ్గుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పలచబడి ఫిట్స్ రావచ్చు. పైగా ఆ నీళ్లు, ఆ చెంచా, ఆ చేయి ఎంత శుభ్రమో ఎవరికి తెలుసు?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లకు నీళ్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. కనిగిరి చుట్టుపక్కల బోరు నీటి సంగతి అక్కడి పిల్లల పళ్ల మీది గోధుమరంగు చారలే చెబుతాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన హద్దు. ఏళ్ల తరబడి ఆ హద్దు దాటిన నీళ్లు తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, నడుములు వంగిపోతాయి. మరి ఆ నీళ్లే తాగే తల్లి పాలలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుంది? దాదాపు ఉండదు. తల్లి రక్తంలోంచి పాలలోకి అది దాటడం చాలా కష్టం. మామూలుగా తల్లిపాలలో లీటరుకు మిల్లీగ్రాములో వందో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కాస్త పెరిగినా తాగునీటితో పోల్చదగ్గది కాదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీటితో డబ్బా పాలు కలిపి పడితే అదే బిడ్డ ఒంట్లోకి రోజుకు 2 మిల్లీగ్రాముల దాకా పోతుంది. శాశ్వత దంతాల్లో ముందు పళ్లకు పింగాణీ పొర కట్టడం పుట్టిన కొన్ని నెలల్లోనే మొదలవుతుందని గుర్తుంచుకుంటే ఈ తేడా విలువ తెలుస్తుంది. కోట్లు పెట్టి శుద్ధి కేంద్రాలు కట్టే చోట, పైసా ఖర్చు లేకుండా తల్లి ఒళ్లే ఆ పని చేసిపెడుతోంది. దీన్ని గురించి పడమటి ఊళ్లలో ఇంకా గట్టిగా చెప్పుకోవాలని నా అభిప్రాయం.

నీళ్ల తర్వాత వచ్చే మాట "పాలు చాలడం లేదు". డబ్బా ఇంట్లోకి అడుగుపెట్టేది ఎక్కువగా ఈ మాట చెయ్యి పట్టుకునే.

పాలు తయారయ్యే తీరు తెలిస్తే ఈ మాటను తొందరపడి నమ్మబుద్ధి కాదు. బిడ్డ చీకినప్పుడు చనుమొన దగ్గరి నరాలు మెదడుకు కబురు పంపుతాయి. అక్కడినుంచి రెండు హార్మోన్లు బయల్దేరతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ తయారైన పాలను నాళాల్లోంచి ముందుకు నెడుతుంది. బిడ్డ ఏడుపు చెవిన పడగానే రవిక తడిసిపోవడం ఈ ఆక్సిటోసిన్ పనే. భయం, నొప్పి, నలుగురి మధ్య సిగ్గు దాన్ని కాసేపు ఆపేస్తాయి. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఊరుతుంది కాబట్టి రాత్రి పట్టే పాలు మర్నాటి పాలకు పెట్టుబడి. వీటికి తోడు రొమ్ములోనే ఒక లెక్క నడుస్తుంది: పాలు నిండి ఉంటే తయారీ నెమ్మదిస్తుంది, ఖాళీ అయితే వేగం అందుకుంటుంది. వేసవిలో పెన్న ఇసుకలో చెలమ తీసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, తోడేకొద్దీ ఊరుతుంది. తేడా ఒక్కటే. చెలమను తోడకపోయినా ఊట ఎక్కడికీ పోదు, ఇక్కడ తోడకపోతే ఊటే తగ్గిపోతుంది. రొమ్ము చిన్నదా పెద్దదా అన్నదానికీ పాలు పడటానికీ సంబంధం లేదు. పరిమాణాన్ని నిర్ణయించేది ఎక్కువగా కొవ్వు, పాల గ్రంథులు కాదు.

ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగేది చూడండి. బిడ్డకు మూడు వారాలు. సాయంత్రం ఆరు దాటితే అరగంటకోసారి పాలు అడుగుతుంది, మధ్యలో ఏడుస్తుంది. ఆ వయసులో అది మామూలే. పక్కింటావిడ "నీకు పాలు పడటం లేదమ్మా, పాపం బిడ్డ ఆకలికి ఏడుస్తోంది" అంటుంది. రాత్రికి డబ్బా వస్తుంది. డబ్బా పాలు అరగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి బిడ్డ ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. "చూశావా, కడుపు నిండింది" అంటారు. ఆ రాత్రి రొమ్ము ఖాళీ కాలేదు, మర్నాడు తయారీ కాస్త తగ్గింది. ఇంకో సీసా అవసరమైంది. పది పదిహేను రోజులు గడిచేసరికి పాలు నిజంగానే చాలవు. మొదటి రోజు అబద్ధమైన మాటను మనమే నిజం చేసి పెట్టాం. డబ్బా పాలకు, పాల సీసాలకు ప్రకటనలు వేయకూడదని 1992లోనే కేంద్రం చట్టం చేసింది. పక్కింటావిడ మాటకు ఏ చట్టమూ అడ్డు రాదు కదా!

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి కాదు, తడిసిన గుడ్డలను బట్టి తెలుసుకోవాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంటే సరిపోతున్నట్టే. పుట్టాక మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గుతుంది, రెండు వారాల్లోపు మళ్లీ పుట్టిన బరువుకు వస్తుంది. అలా రాకపోయినా, బిడ్డ మందకొడిగా ఉండి పాలకు లేవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, పసిరికలు అరికాళ్ల దాకా దిగినా ఇంటి వైద్యాలకు కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొందరు తల్లులకు నిజంగానే పాలు తక్కువ ఉంటాయి. వాళ్లకు వైద్యుల సలహా మీద పైపాలు పట్టడంలో నేరమేమీ లేదు.

మొదటి మూడు రోజుల సంగతి విడిగా చెప్పుకోవాలి. మాయ పడిపోగానే తల్లి రక్తంలో ప్రొజెస్టరోన్ పడిపోతుంది. అప్పటినుంచి పాలు పొంగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా వచ్చేవి పసుపుపచ్చని ముర్రుపాలు, అవీ చెంచాల లెక్కన. ఇక్కడ ఒంగోలు ఆవు నుంచి నేర్చుకోవలసింది ఉంది. బ్రెజిల్ దాకా వెళ్లి "నెలోర్" పేరుతో అక్కడ మందలు మందలుగా పెరిగిన జాతి మనది. ఆవు మాయ గుండా రోగనిరోధక ప్రతిదేహాలు దూడకు చేరవు. పుట్టిన దూడ ఆ రక్షణ లేకుండానే నేల మీద పడుతుంది, మొదటి కొన్ని గంటల్లో జున్నుపాలు తాగితేనే అది దక్కుతుంది. ఒక రోజు దాటితే దూడ పేగు ఆ ప్రతిదేహాలను లోపలికి రానివ్వదు. అందుకే పాడి రైతు దూడను ముందు పొదుగు దగ్గరికి నెడతాడు, జున్ను సంగతి ఆ తర్వాత. మనిషి బిడ్డకు కొన్ని ప్రతిదేహాలు కడుపులో ఉండగానే అందుతాయి. ముర్రుపాలలోవి వేరే రకం. అవి రక్తంలోకి పోకుండా పేగు గోడను అంటిపెట్టుకుని విరేచనాల క్రిములను అక్కడే అడ్డుకుంటాయి. తల్లి ఏ ఇంట్లో, ఏ నీళ్ల మధ్య ఉందో ఆ చోటి క్రిముల మీదే ఆమె ఒళ్లు ఆయుధాలు తయారు చేసి పాలలో పంపుతుంది. దూడకు తెలిసి ఇచ్చినదాన్ని మనవడి దగ్గరికొచ్చేసరికి "చెడు పాలు" అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పుట్టిన గంటలోపు పాలు పట్టాలంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అలా జరిగింది నూటికి 42 మందికే.

అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లోనూ నూటికి 42 దాకా సిజేరియన్లే. కుట్ల నొప్పితో కూర్చోలేని తల్లి పక్కకు తిరిగి పడుకునే పట్టవచ్చు, లేదా బిడ్డ కాళ్లు తన చంక కిందుగా వెనక్కి పోయేలా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పాలు రావు, పుండు పడుతుంది. బిడ్డ ఆవులించినంతగా నోరు తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరికి లాక్కోవాలి. నల్లని వలయంలో కింది భాగం ఎక్కువగా నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి తిరిగి ఉంటే, మింగుతున్న చప్పుడు వినిపిస్తుంటే కుదిరినట్టే. నెలలు నిండక, చీకే శక్తి లేని బిడ్డకు తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మన నాయనమ్మల కాలపు ఆ ముక్కు గిన్నెను నవజాత శిశు వార్డుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. కడగడం తేలిక, సీసాలా మూలమూలల్లో క్రిములు దాక్కోవు.

ఇక నాలుక మీద పోసే మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పను. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు బిడ్డ పేగులో మొలకెత్తి విషం తయారు చేయగలవు. ఆముదం పొరమారి ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా. గాడిదను వీధుల్లో తిప్పుతూ అక్కడికక్కడే పిండి అమ్మే పాలు ప్రొటీనులో, చక్కెరలో మనిషి పాలకు దగ్గరే. కొవ్వు మాత్రం బాగా తక్కువ, పైగా పచ్చివి. వైద్యులు రాసిన విటమిన్ డి చుక్కలు, మందులు, టీకాలు ఈ నిషేధంలోకి రావు.

ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు తల్లులకు ఒక మాట. పొగాకు కోతల కాలంలో ఆకు కట్టడం దగ్గర్నుంచి గ్రేడింగు దాకా ఆడవాళ్ల చేతుల మీదే ఎక్కువగా నడుస్తుంది. తడి ఆకు పసరులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల్లి రక్తంలో కంటే పాలలో దాని గాఢత ఎక్కువ. బిడ్డ నిద్ర చెడుతుంది, పాలూ తగ్గవచ్చు. అలాగని పాలు మాన్పించకూడదు. పనికి వెళ్లే ముందు పట్టి వెళ్లడం, చేతులకు తొడుగులు వేసుకోవడం, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కుని చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవడం చేయగలిగిన పనులు. ఇంట్లో మగవాళ్లు కాల్చే చుట్ట, సిగరెట్టుకు మాత్రం ఏ సర్దుబాటూ లేదు, గడప బయటే.

బాలింత తిండి గురించి కూడా మన వాళ్లకు భయాలెక్కువ. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, పెరుగు తింటే బిడ్డకు జలుబని కట్టడి చేస్తారు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కిలో కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం రెండు పూటలు పెడితే ఆ లెక్క ఎలా తేలుతుంది? సముద్రం ఒడ్డు ఊళ్లలో సొర పుట్టు తినిపిస్తే పాలు పడతాయంటారు. ప్రొటీను మంచిదే, పాలు పెంచుతుందన్న రుజువు లేదు. చిన్న చేపలను తిని బతికే సొర ఒంట్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి రోజూ తినకపోవడమే మేలు. నెత్తళ్లు, కవళ్లు చవక, ఆ భయమూ తక్కువ. చేపలు తినని ఇంట్లో పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు ఉండనే ఉన్నాయి.

ఆరు నెలలు నిండేసరికి పుట్టినప్పుడు ఒంట్లో దాచుకున్న ఇనుము అడుగంటుతుంది. తల్లిపాలలో ఉన్న కొద్దిపాటి ఇనుము ఇక చాలదు. అప్పుడు మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, నెయ్యి, గుడ్డు మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ల దాకా కొనసాగించవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లూ అప్పటినుంచే. కనిగిరి వైపు ఉన్నవాళ్లు మాత్రం ఆ ఉగ్గుకు, ఆ నీళ్లకు శుద్ధి చేసిన నీటినే వాడాలి. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత ఇంకాస్త పెరుగుతుంది.