నురగ ఒక్కటే చాలదు

ఎండాకాలంలో స్వర్ణముఖి ఏరంటే ఇసకే. అయినా చెలమ తోడితే తడి తగిలే చోట్లున్నాయి. ఆ తడిలో ఇసక రేణువులను పట్టుకొని బ్యాక్టీరియా బతుకుతుంది. కంటికి ఆనని ఆ ప్రాణాన్ని రసాయనాల ఆనవాళ్లతో పట్టుకోవచ్చు.

చంద్రగిరి వైపు చెనక్కాయ చేలోంచి చెంచాడు ఎర్రమన్ను తెచ్చి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు వేస్తే (కళ్లలో పడకుండా చూసుకోవాలి) మామూలుగా బుసబుసమని నురగ పొంగుతుంది. ఆక్సిజన్ పీల్చే కణాల్లో పెరాక్సైడ్ పుడుతూనే ఉంటుంది, అది వాటికి విషం. దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేది కాటలేజ్ అనే ఎంజైమ్. ఒక్క కాటలేజ్ అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువుల పని పడుతుంది.

అయితే తొందరపడకూడదు. ఎండు ఇసక మీద ఉత్త నీళ్లు పోసినా లోపలి గాలి బుడగలుగా లేస్తుంది. వేరు ముక్క ఒకటి మిగిలినా దానిలోని కాటలేజ్ నురగ తెప్పిస్తుంది. అందుకే వేర్లు ఏరేసి మన్నును మూడు వాటాలు చేయాలి. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో పెరాక్సైడ్. మూడోదాన్ని పెనం మీద బాగా వేయించి, చల్లారాక పెరాక్సైడ్ వేయాలి. వేడికి ఎంజైమ్ చెడిపోతుంది. వేయించిన మన్నూ పొంగిందంటే అందులో మాంగనీస్ ఆక్సైడ్ లాంటి ఖనిజం ఉండొచ్చు, దానికి ప్రాణంతో పనిలేదు. బడిలో ఈ ప్రయోగం చేయించేవాళ్లు ఆ మూడో వాటాను మాత్రం వదిలేయకూడదు.

1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలకూ ఇదే చిక్కు ఎదురైంది. గిల్బర్ట్ లెవిన్ రూపొందించిన పరీక్షలో రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవం మట్టిలో వేయగానే ఆ కార్బన్ ఉన్న వాయువు వచ్చింది. 160 డిగ్రీల దాకా వేడిచేసిన మట్టి నుంచి రాలేదు. ప్రాణం ఉంటే జరగాల్సింది అచ్చం అదే! కానీ మరో పరీక్షలో ఆ మట్టికి తేమ తగిలితే చాలు, ఆక్సిజన్ వచ్చింది, ముందే వేడిచేసిన మట్టి నుంచి కూడా. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడ పెర్‌క్లోరేట్ లవణాలను కనిపెట్టింది. వేడి తగిలితే అవి కర్బన పదార్థాలను కాల్చేయగలవు. వైకింగ్‌లోని ఇంకో పరికరం కర్బన పదార్థాలను వెతికింది మట్టిని వేడిచేసి మరీ. అంటే వెతుకులాటే ఆనవాళ్లను చెరిపేసి ఉండొచ్చు. లెవిన్ మాత్రం చివరిదాకా ప్రాణమేనన్నారు, ఎక్కువమంది రసాయన చర్యేనంటారు.

నాకు ఇంతకన్నా నమ్మకంగా తోచే ఆనవాలు ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఉంది. వాటిలో చాలావరకు ఎడమ, కుడి చేతుల్లా రెండు రూపాల్లో ఉంటాయి. ప్రాణంలేని రసాయన చర్యల్లో ఆ రెండూ దాదాపు సమానంగా పుడతాయి. జీవులు ప్రోటీన్లకు ఎడమవాటినే వాడతాయి. బ్యాక్టీరియా తన కణకవచంలో అలనిన్ అనే అమైనో ఆమ్లపు కుడి రూపాన్నీ పెట్టుకుంటుంది. అందుకే ఆ కుడి అలనిన్‌ను కొలిచి, నేలలో పేరుకున్న సేంద్రియ పదార్థంలో బ్యాక్టీరియా వాటా ఎంతో అంచనా వేస్తారు.