ఉప్పెన రాకముందే ఊరు ఖాళీ చేయించే అధికారం ఎక్కడిది?

తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే కలెక్టర్ లోతట్టు ఊళ్లు ఖాళీ చేయిస్తారు, బస్సులు రప్పిస్తారు, బడులను పునరావాస కేంద్రాలుగా మారుస్తారు. మనకిది మామూలైపోయింది. ఈ పనులన్నిటికీ విపత్తు నిర్వహణ చట్టం అండ దొరికింది మాత్రం 2005లోనే.

అంతకుముందు చెప్పుకోదగ్గవి కరువు కోడ్‌లు, అంటే కరువొస్తే అధికారులు ఏం చేయాలో చెప్పే నిబంధనలు. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చేశాక, 1880 కరువు కమిషన్ సిఫార్సులతో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని రాయించింది. అయితే కరువు నెలల తరబడి ముదురుతుంది. ఉప్పెన అలా కాదు. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు.

ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మేలో దాదాపు అంతటి తుఫానే కృష్ణా డెల్టా మీదికి వస్తే, లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపే. అప్పటికి విపత్తుల చట్టమే లేదు! ప్రభుత్వ ఉత్తర్వులు, గొడ్లను వదిలి రామనేవాళ్లను బతిమాలుకునే రెవెన్యూ సిబ్బంది, అంతే.

ఏ విషయం మీద కేంద్రం చట్టం చేయాలో, ఏది రాష్ట్రాలదో, ఏది ఇద్దరిదో చెప్పే రాజ్యాంగంలోని మూడు జాబితాల్లోనూ విపత్తుల ఊసు లేదు. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశా సొంతంగా ఒక సంస్థ పెట్టుకుంది. భుజ్ భూకంపం చూసిన గుజరాత్ 2003లో చట్టమే చేసింది. సునామీ వచ్చిన మరుసటి ఏడాది కేంద్రం కదిలింది. ఉమ్మడి జాబితాలోని ‘సామాజిక భద్రత’ అంశం కింద, కాస్త విచిత్రంగానే, దేశమంతటికీ చట్టం తెచ్చింది.

అందులో కీలకం 34వ సెక్షన్. విపత్తు జరిగాకే కాదు, ముంచుకొస్తున్నప్పుడు కూడా రాకపోకలు ఆపే అధికారం జిల్లా యంత్రాంగానికి ఇచ్చింది. 65వ సెక్షన్ కింద వాహనాలు, భవనాలు స్వాధీనం చేసుకోవచ్చు, పరిహారం ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఆదేశాలు కాదంటే ఏడాది దాకా జైలు. 2020 లాక్‌డౌన్ నడిచిందీ ఈ చట్టంతోనే.

అధికారం వచ్చినంత తొందరగా డబ్బు రాలేదు. నివారణ నిధి మాట 2005 చట్టంలోనే ఉన్నా, చాలాకాలం రాష్ట్రాల చేతికందింది సహాయ నిధే. గండి పడ్డాక పూడ్చడానికి అందులో వీలుంది, పడకముందు కట్ట ఎత్తు పెంచడానికి లేదు. చివరికి 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి విపత్తు నిధుల్లో 20 శాతం నివారణకు, 10 శాతం సన్నద్ధతకు కేటాయించింది.

ఈ చట్టానికి 2025లో చేసిన సవరణ రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్ నగరాలకు విడిగా విపత్తు సంస్థలు పెట్టుకునే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. అప్పటికే బుడమేరు వాగు విజయవాడను ముంచేసింది, 2024 సెప్టెంబరులో.