పావు డాలరు నవలలు: గే, లెస్బియన్ పల్ప్ పుస్తకాల మీద అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో, పాత పుస్తకాల విభాగంలో నేను కేటలాగర్‌ని. చేతికొచ్చిన పుస్తకం ఎవరు రాశారు, ఎప్పుడు అచ్చయింది, ఎన్నో ముద్రణ, ఏ స్థితిలో ఉంది అన్నవి చూసి నమోదు చేయడం నా పని. చాలా ఏళ్లుగా నా బల్ల మీదకి ఎక్కువగా వస్తున్నవి 1950, 60లలో అచ్చయిన గే, లెస్బియన్ పేపర్‌బ్యాక్ నవలలు. ఇక్కడ వాటిని పల్ప్ అంటారు. ఎవరో పెద్దవాళ్లు పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ బంధువులు అట్టపెట్టెల్లో పంపిస్తారు. పెట్టె మీద ఒక్కోసారి "పారేయాల్సినవి" అని రాసి, తర్వాత కొట్టేసి ఉంటుంది.

ఆ మధ్య విజయవాడ నుంచి మా బాబాయి ఫోన్‌లో అడిగాడు, "ఏమ్మా, అంత చదువు చదివి బూతు పుస్తకాలు సర్దుతున్నావా?" అని. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆ రోజు చెప్పిన జవాబు నాకే చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇవన్నీ బూతు పుస్తకాలు.

ఏ సంవత్సరం పుస్తకం అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1950లలో వచ్చిన వాటిలో శృంగారం అంటే ఒక ముద్దు, తర్వాత పేరా అయిపోవడం, అంతే. కవర్ మీద ఊరించినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన ఉండదు. పచ్చిగా రాయడం 1960ల రెండో సగంలో, కోర్టు తీర్పులు మారాక మొదలైంది. కవర్లు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ రెండు కాలాల పుస్తకాల్నీ ఒకే గాటన కట్టేస్తారు. నేను మాత్రం మొదట టైటిల్ పేజీ వెనకవైపు అచ్చయిన తేదీ చూస్తాను.

అపోహ: వీటిని చాటుమాటుగా అమ్మేవాళ్లు.

ఇది చాలామంది నమ్మే మాట. నిజానికి అమ్మకం నడిబజారులోనే జరిగింది. 1939లో పాకెట్ బుక్స్ అనే సంస్థ 25 సెంట్లకి ఒక పుస్తకం చొప్పున అమ్మడం మొదలుపెట్టింది. పుస్తకాల షాపుల్ని నమ్ముకోకుండా, పత్రికలు సరఫరా చేసే ఏజెంట్ల ద్వారానే మందుల షాపులకీ, బస్టాండ్లకీ, రైల్వే స్టేషన్లకీ పంపించారు. గుండ్రంగా తిరిగే ఇనప స్టాండులో పోలీసు కథ పక్కన ప్రేమ కథ, దాని పక్కన ఇద్దరు ఆడవాళ్ల కథ ఉండేవి. మన బస్టాండు పుస్తకాల కొట్లు చూసినవాళ్లకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

1950లో ఫాసెట్ సంస్థ గోల్డ్ మెడల్ అనే వరస మొదలుపెట్టింది. గట్టి అట్టతో ముందే వచ్చిన పుస్తకాల్ని చవగ్గా మళ్లీ వేయడం కాదు, నేరుగా పేపర్‌బ్యాక్‌గానే కొత్త నవలలు వేయడం. ఆ ఏడాదే అందులో తెరెస్కా టోరెస్ రాసిన 'విమెన్స్ బ్యారక్స్' వచ్చింది. యుద్ధకాలంలో లండన్‌లో పనిచేసిన ఫ్రెంచి మహిళా సైనికుల కథ. లక్షల్లో అమ్ముడుపోయింది. ఎంతగా అంటే, 1952లో అమెరికా ప్రతినిధుల సభ అశ్లీల సాహిత్యం మీద వేసిన కమిటీ ఈ పుస్తకాన్ని ప్రత్యేకంగా వేలెత్తి చూపించింది. దొంగచాటు సరుకైతే పార్లమెంటు దాకా పోయేది కాదు.

పుస్తకం దొరకడం కష్టం కాదు. దాన్ని స్టాండులోంచి తీసి, మనల్ని, మన ఇంట్లోవాళ్లని ఎరిగిన కొట్టు యజమాని చేతిలో పెట్టి డబ్బులు ఇవ్వడం కష్టం. చిన్న ఊళ్లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుగువాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: కథలన్నీ విషాదాలే, ఎందుకంటే ఆ రచయితలకి తమ మీద తమకే అసహ్యం.

నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

1952లో గోల్డ్ మెడల్ 'స్ప్రింగ్ ఫైర్' వేసింది. రచయిత పేరు విన్ ప్యాకర్ అని ఉంటుంది. అసలు పేరు మారిజేన్ మీకర్. కాలేజీలో చదివే ఇద్దరు అమ్మాయిల ప్రేమ కథ. దాదాపు 15 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. చివరికి ఒకమ్మాయి మతి చెడి ఆసుపత్రి పాలవుతుంది. రెండో అమ్మాయి తను ఆమెని ఎప్పుడూ నిజంగా ప్రేమించలేదని తేల్చుకుంటుంది. అప్పటిదాకా వాళ్ల మధ్య నడిచినదంతా ఆఖరి పేజీల్లో అబద్ధమైపోతుంది.

ఈ ముగింపు మీకర్ కోరుకున్నది కాదు. సుఖాంతం ఉంటే పోస్టల్ ఇన్‌స్పెక్టర్లు పట్టుకుంటారని ఎడిటర్ డిక్ క్యారొల్ ముందే షరతు పెట్టాడని ఆవిడే తర్వాత చెప్పారు. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం ప్రకారం అశ్లీలమైనది పోస్టులో పంపడం నేరం. ఒక్క పుస్తకం పట్టుబడితే దాంతోపాటు వెళ్తున్న సరుకంతా ఆగిపోతుందని పబ్లిషర్ల భయం. ప్రేమించిన ఇద్దరిలో ఒకరికి శిక్ష పడితే అది "నీతి బోధ" కింద చెల్లుబాటయ్యేది.

ఇది ఒట్టి భయమేనా అంటే, కాదు. లాస్ ఏంజిలిస్‌లో 'వన్' అనే గే పత్రిక 1953లో మొదలైంది. 1954 అక్టోబర్ సంచికని అక్కడి పోస్ట్‌మాస్టర్ ఆపేశాడు. అందులో అభ్యంతరం చెప్పిన వాటిలో ఒక కథ ఉంది. అందులో ఒక యువతి పెళ్లి చేసుకునే అవకాశం వదులుకుని మరో స్త్రీతో ఉండిపోతుంది. దాన్ని చవకబారు అశ్లీలమనీ, లెస్బియన్ జీవితాన్ని ప్రోత్సహించడానికే రాశారనీ అప్పీలు కోర్టు తేల్చింది. ఆ కథలో పచ్చి వర్ణన ఏమీ లేదు. కలిసి బతకాలని నిర్ణయించుకోవడమే తప్పయింది. 1958 జనవరిలో సుప్రీం కోర్టు, వాదనలు కూడా వినకుండా, ఆ తీర్పుని కొట్టేసి పత్రిక పక్షాన నిలిచింది.

కాబట్టి ఈ నవలల చివరి అధ్యాయం చదివేటప్పుడు దాన్ని రచయిత మనసు అనుకోకండి. అది చాలాసార్లు పోస్టాఫీసుకి చెల్లించిన సుంకం. మొదటి నుంచి ఆ పేజీల ముందు దాకా ఉన్నది రచయితది. మా దగ్గరున్న ఒక 'స్ప్రింగ్ ఫైర్' ప్రతిలో మధ్య పేజీలు వేళ్లు తగిలి తగిలి నల్లబడ్డాయి. చివరి పది పేజీలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి.

పైగా "కథలన్నీ విషాదాలే" అన్నదే నిజం కాదు. అదే 1952లో 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' క్లేర్ మోర్గన్ అన్న పేరుతో వచ్చింది. రాసింది పట్రీషియా హైస్మిత్. ముందు గట్టి అట్టతో వచ్చింది, మరుసటి ఏడాది పేపర్‌బ్యాక్ అయింది. అందులో ప్రేమించుకున్న ఇద్దరు స్త్రీలూ చివరికి ఒక్కటవుతారు. పేపర్‌బ్యాక్ వచ్చాక నెలల తరబడి వారానికి రెండుసార్లు పదీ పదిహేను ఉత్తరాల కట్టలు వచ్చేవని హైస్మిత్ గుర్తు చేసుకున్నారు. ఆవిడ సొంత పేరుతో ఆ పుస్తకం రావడానికి మాత్రం 1990 దాకా పట్టింది. 1959లో వాలెరీ టేలర్ రాసిన 'ది గర్ల్స్ ఇన్ 3-బి'లో కూడా ముగ్గురు స్నేహితురాళ్లలో ఒకమ్మాయికి మరో స్త్రీ దగ్గరే సంతోషం దొరుకుతుంది.

అపోహ: ఇవన్నీ మగవాళ్లు మగవాళ్ల కోసం రాసినవి.

కొన్ని అవును. లారెన్స్ బ్లాక్ లాంటి మగ రచయితలు ఆడ పేర్లతో లెస్బియన్ నవలలు రాశారు. ఒకే కలం పేరుని ముగ్గురు నలుగురు పంచుకున్న సందర్భాలూ ఉన్నాయి. కేటలాగులో ఆ ముడి విప్పడానికి నాకు ఒక్కో పుస్తకానికి రెండు మూడు రోజులు పడుతుంది.

కానీ ఆన్ బ్యానన్ సంగతి చూడండి. ఇరవై దాటిన వయసులో, పెళ్లయి ఫిలడెల్ఫియాలో ఉంటూ 'స్ప్రింగ్ ఫైర్' చదివి మీకర్‌కి ఉత్తరం రాసింది. మీకర్ ఆమెని న్యూయార్క్ రమ్మని, తన ఎడిటర్ క్యారొల్‌కి పరిచయం చేసింది. ఆయన బ్యానన్ రాసిన లావుపాటి రాతప్రతి చదివి, అందులోని ఇద్దరు అమ్మాయిల ప్రేమ కథ ఉంచుకుని మిగతాది తీసేయమన్నాడు. 1957లో అది 'ఆడ్ గర్ల్ అవుట్'గా వచ్చింది. 1962కల్లా మరో నాలుగు వచ్చాయి. వాటిలో బీబో బ్రింకర్ అనే పాత్ర ఉంది. పొడుగ్గా, మగ దుస్తుల్లో, న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ వీధుల్లో తలెత్తుకు తిరిగే స్త్రీ. ఊరు దాటని పాఠకులకి ఆ నవలలు ఎక్కడికి వెళ్తే తమలాంటివాళ్లు కనిపిస్తారో చెప్పాయి. ఒక పాఠకురాలు రాసిన ఉత్తరంతో ఈ వరస మొదలైందన్న సంగతి నాకు ఎప్పుడూ ఇష్టమే.

ఇంకో గట్టి సాక్ష్యం కూడా ఉంది. 1955లో శాన్ ఫ్రాన్సిస్కోలో డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అనే లెస్బియన్ల సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది 'ది ల్యాడర్' పత్రిక పెట్టారు. అందులో బార్బరా గ్రియర్ మరో పేరుతో ఈ నవలల్ని వరసగా సమీక్షించేది. 1967లో వాటన్నిటికీ జాబితా వేసి, లెస్బియన్ అంశం ఎంత ముఖ్యమో అక్షరాలతో గుర్తు పెట్టింది. చెత్త అనిపించినవాటికి టి అని గుర్తు. ఆ స్త్రీలు మగవాళ్ల సరుకుని అమాయకంగా చదివేయలేదు. దేన్ని దాచుకోవాలో, దేన్ని వదిలేయాలో తేల్చుకుంటూ చదివారు.

అపోహ: గే మగవాళ్ల పల్ప్ కూడా అప్పుడే, అలాగే వచ్చింది.

దాని కథ వేరు. 1950లలో గే పేపర్‌బ్యాక్ అంటే ఎక్కువగా గట్టి అట్టతో ముందే వచ్చిన నవలకి చవక ముద్రణ. గోర్ విడాల్ 1948 నవల 'ది సిటీ అండ్ ది పిల్లర్' అలా వచ్చిందే. గే మగవాళ్లకోసమే నేరుగా రాసిన పేపర్‌బ్యాకులు వరదలా రావడానికి దారి తీసింది కోర్టులు. 1962లో సుప్రీం కోర్టు వ్యాయామ భంగిమల ఫొటో పత్రికల కేసులో పోస్టల్ శాఖకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1966, 67 తీర్పులతో గేట్లు ఇంకా తెరుచుకున్నాయి.

ఆ మధ్యలో దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. విక్టర్ బ్యానిస్ అనే రచయిత తన మొదటి నవల మీద ఫెడరల్ కేసు ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. అక్కడితో భయపడి ఆగిపోలేదు. 1966లో ఒక గూఢచారి నవలల వరస మొదలుపెట్టాడు. అందులో హీరో గే, పక్కన తెల్లటి పూడిల్ కుక్క, గెలిచేది ఎప్పుడూ అతనే. అదే ఏడాది శాన్ డియేగో దగ్గరి గ్రీన్‌లీఫ్ క్లాసిక్స్ రిచర్డ్ ఎమరీ రాసిన 'సాంగ్ ఆఫ్ ది లూన్' వేసింది. 19వ శతాబ్దపు అడవుల్లో మగవాళ్ల ప్రేమ. సిగ్గు లేదు, శిక్ష లేదు, ఆత్మహత్య లేదు. ఆదివాసుల చిత్రణ ఇవాళ చదివితే ఇబ్బంది పెడుతుంది. తన పాత్రల్లాంటి ఆదివాసులు నిజంగా ఎక్కడా లేరని రచయితే ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఆ మాట వల్ల లోపం పోదు. అయినా అప్పటి పాఠకుడికి తనలాంటివాడు చావకుండా మిగిలే కథ దొరికిందని నేను మర్చిపోలేను.

తేదీలు మళ్లీ చూడండి. న్యూయార్క్‌లో ఒక గే బార్ మీద పోలీసులు దాడి చేస్తే జనం ఎదురు తిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు 1969 జూన్‌లో. ఈ నవలలు దానికి మూడేళ్ల ముందువి. గే హక్కుల కథంతా 1969లోనే మొదలైందని చెప్పేవాళ్లకి నేను ఈ అలమర చూపిస్తాను.

అపోహ: కవర్ చూస్తే పుస్తకం సంగతి తెలిసిపోతుంది.

కవర్లు, చాలాసార్లు పేర్లు కూడా, పబ్లిషర్ల నిర్ణయాలు. మీకర్ పెట్టుకున్న పేరు వేరు. 'స్ప్రింగ్ ఫైర్' సంస్థ పెట్టింది. కవర్ల మీద "వింత", "నీడలు", "సంధ్య" అన్న అర్థం వచ్చే మాటలే తిరిగి తిరిగి వస్తాయి. అవమానించడానికి వాడిన ఆ మాటలే పాఠకులకి గుర్తులయ్యాయి. స్టాండులో వంద పుస్తకాల మధ్య తమ కథ ఏదో వాటిని బట్టే పట్టుకునేవారు.

అపోహ: ఇప్పుడు చదవాలంటే వేలు పోయాలి.

మొదటి ముద్రణ, మంచి కవర్ కావాలంటే ధర ఎక్కువే. చదవడానికైతే అక్కర్లేదు. బ్యానన్ నవలల్ని 1983లో నాయడ్ ప్రెస్, తర్వాత క్లైస్ ప్రెస్ మళ్లీ వేశాయి. చాలా ఏళ్లు వద్దన్న మీకర్ 2004లో 'స్ప్రింగ్ ఫైర్'కి ఒప్పుకున్నారు. 'సాంగ్ ఆఫ్ ది లూన్' 2005లో మళ్లీ వచ్చింది.

అపోహ: పాత పేజీలకి టేపు వేస్తే, లామినేట్ చేస్తే నిలుస్తాయి.

దయచేసి చేయకండి. ఆ కాగితం నూరిన కలప గుజ్జుతో చేసింది. అందులో ఆమ్లం ఉంటుంది, అందుకే పసుపు తిరిగి పెళుసవుతుంది. టేపు జిగురు ఇంకి మరక కడుతుంది, తీస్తే అచ్చు కూడా ఊడొస్తుంది. వెన్ను కుట్టింది కాదు, జిగురుతో అతికించింది. పూర్తిగా తెరిస్తే పగులుతుంది. నేను పనిలో చేరిన మొదటి నెలలో స్కానర్ మీద బోర్లించి ఒకదాన్ని రెండు ముక్కలు చేశాను. ఆ చప్పుడు ఇంకా గుర్తుంది. సగం మాత్రమే తెరిచి, రెండు వైపులా ఏదైనా మెత్తటిది ఆనించి చదవండి. ఎండ, తేమ తగలనివ్వకండి. పాలిస్టర్ కవరులో నిలబెట్టి పెట్టండి, పి.వి.సి. వద్దు.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో పాత అమెరికన్ పేపర్‌బ్యాకుల కుప్పలో ఇలాంటిది మీకు కనిపిస్తే, లోపలి రాతలు చెరపకండి. ధర స్టిక్కరు, షాపు ముద్ర, పెన్సిల్ గీతలు, అన్నీ ఆ పుస్తకం ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేవే. మొదటి పేజీలో పేరు ఉండి, బ్లేడుతో గీకేసి ఉండొచ్చు. అలాంటివి మా దగ్గర చాలా వచ్చాయి. గీకిన చోట దీపం పక్కగా పెడితే పేరు ఒక్కోసారి చదవగలం. "యజమాని పేరు చెరిపివేయబడింది" అని మాత్రమే కేటలాగులో రాస్తాను.