డెల్టా గాలిలో వింత రెక్కలు

తుఫాను కోనసీమ తీరం దాటినప్పుడు చాలా ఇళ్ల గోడలు నిలబడే ఉంటాయి, పైన రేకులు మాత్రం లేచిపోతాయి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. గాలి కింద దూరి రేకుని పైకి తోసిందని అనుకుంటాం. అది కొంతవరకే నిజం. కప్పు మీదుగా గాలి వేగంగా జారిపోతున్నప్పుడు అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఇంటి లోపల ఒత్తిడి అంతగా తగ్గదు. ఆ తేడాకే మేకులు ఊడి వచ్చేస్తాయి. విమానం రెక్కని పైకి లేపేది కూడా ఈ ఒత్తిడి తేడాయే.

1925లో అమెరికాలో విలార్డ్ కస్టర్ అనే ఆయన పెనుగాలికి ఒక కొట్టం కప్పు ఎగిరిపోవడం చూశాడు. కొట్టం పరుగెత్తలేదు, గాలే పరుగెత్తింది. మరి విమానం మాత్రం రన్‌వే మీద అంత దూరం ఎందుకు పరుగెత్తాలి? గాలినే రెక్క మీదుగా లాగేస్తే పోలేదా? ఈ ఆలోచనతో ఆయన రెక్కని అర్ధచంద్రాకారంలో కిందికి వంచి, ఆ వంపు వెనకంచు దగ్గర ప్రొపెల్లర్ పెట్టాడు. ప్రొపెల్లర్ తిరిగితే వంపులోంచి గాలి వేగంగా లాగబడుతుంది, విమానం నెమ్మదిగా కదులుతున్నా లిఫ్ట్, అంటే పైకి ఎత్తే బలం, పుడుతుంది. 1942లో మొదటిది ఎగిరింది, 1953లో ఐదుగురు కూర్చునే విమానం కూడా తయారైంది. చాలా తక్కువ దూరంలోనే గాల్లోకి లేచేది. కానీ ఇంజన్ ఆగితే ఆ అదనపు లిఫ్ట్ కూడా అక్కడే ఆగిపోతుంది. పైగా అంత తక్కువ వేగంలో తోక మీద, రెక్కల చివర ఉండే కదిలే పలకలకి సరిపడా గాలి తగలదు కాబట్టి విమానం పైలట్ మాట వినదు.

వింత రెక్క ఏది చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఇది పని చెయ్యడం మానేసిన క్షణంలో ఏమవుతుంది? బాగా ఎగిరిన రోజు అన్ని రెక్కలూ అందంగానే ఉంటాయి.

పెద్ద కంపెనీలు ఇలాంటి ప్రయోగాల జోలికి తక్కువగా వెళ్తాయి. అందుకే వింత రెక్కల చరిత్రలో చాలా భాగం షెడ్లలో, గ్యారేజీల్లో సొంతంగా విమానాలు కట్టుకున్నవాళ్లదే. మన దేశంలో ఆ పని చేసినవాళ్లు బాగా తక్కువ. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, ఏళ్ల తరబడి తిరిగి, 2017లో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ సంపాదించాడు. ఆయనది మామూలు రెక్కే.

మామూలు రెక్క అంటే ముందు పెద్ద రెక్క, వెనక చిన్న తోక. విమానం ముక్కు వాలిపోకుండా ఆ తోక సాధారణంగా కిందికి నొక్కుతూ ఉంటుంది. అంటే తోక నొక్కుడుని కూడా పెద్ద రెక్కే మొయ్యాలి. తోకని ముందుకి తెచ్చి చిన్న రెక్కగా పెడితే అది కూడా పైకే ఎత్తుతుంది. దీన్ని కెనార్డ్ అంటారు. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానానికి ముందు ఉన్నది ఇలాంటిదే.

కెనార్డ్ అసలు లాభం తెలియాలంటే స్టాల్ గురించి తెలియాలి. రెక్క ముందంచుని పైకి ఎత్తేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది. సుమారు 15 డిగ్రీలు దాటాక, రెక్క పైభాగాన్ని అంటుకుని పారుతున్న గాలి అక్కడి నుంచి విడిపోతుంది, లిఫ్ట్ ఒక్కసారి పడిపోతుంది. అదే స్టాల్. దిగడానికి ముందు, తక్కువ ఎత్తులో, మలుపు తిరుగుతూ స్టాల్ అయితే తేరుకోవడానికి కింద చోటు ఉండదు. చిన్న విమానాల్లో ఎందరో ప్రాణాలు ఇలాగే పోయాయి.

ఇద్దరు మనుషులు గెడకర్రకి బరువైన మూట కట్టి ముందొకరు, వెనకొకరు మోస్తున్నారనుకోండి. ముందువాడు ముందుగా అలిసిపోయి భుజం దించితే కర్ర ముందుకి వాలుతుంది, అంతే. వెనకవాడు ముందుగా కూలబడితే మూట వెనక్కి జారిపోతుంది. కెనార్డ్ విమానాన్ని ఎప్పుడూ ముందు రెక్కే మొదట అలిసిపోయేలా కడతారు. ముక్కు పైకెత్తడానికి పైలట్ స్టిక్ (విమానాన్ని నడిపే చేతికర్ర) ఎంత లాగినా ముందు రెక్క స్టాల్ అయి ముక్కు కాస్త వాలుతుంది, వేగం పుంజుకుంటుంది, మళ్లీ లేస్తుంది. పెద్ద రెక్క స్టాల్ దాకా వెళ్లనే వెళ్లదు.

ఈ సూత్రాన్ని సామాన్యుల చేతికి అందించినవాడు అమెరికన్ ఇంజనీరు బర్ట్ రుటాన్. ఆయన కెనార్డ్ విమానాలు వేరీఈజీ 1975లో, లాంగ్‌ఈజీ 1979లో ఎగిరాయి. వాటి ప్లాన్లు కొనుక్కుని వందలమంది ఇళ్లలో కట్టుకున్నారు. ఆయనే డిజైన్ చేసిన వాయేజర్ 1986 డిసెంబరులో ఎక్కడా దిగకుండా, ఇంధనం నింపుకోకుండా 9 రోజుల్లో భూమిని చుట్టి వచ్చింది. కట్టే పద్ధతి నాకు మరీ ఇష్టం. అచ్చు అక్కర్లేదు. నురుగు దిమ్మని వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, పైన గాజు బట్ట పరిచి ఎపాక్సీ, అంటే ఆరితే గట్టిపడే ఒక రెసిన్, పట్టిస్తారు. భీమవరం, అమలాపురం మండపాల్లో పెళ్లి పేర్లు కోసే థర్మాకోల్ పనివాళ్ల చేతిలో ఉన్నది కూడా ఆ వేడి తీగే. అంతర్వేది, కాకినాడ తీరాల్లో ఫైబర్ పడవలకి మ్యాట్ వేసి రెసిన్ పూసేవాళ్లకి రెండో సగం తెలుసు. రెండు పనులూ మన దగ్గర ఉన్నాయి.

అయితే పడవలకి సాధారణంగా వాడేది పాలియెస్టర్ రెసిన్. దానిలో ఉండే స్టైరీన్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. అందుకే రుటాన్ పద్ధతిలో ఎపాక్సీయే వాడాలి. ఎపాక్సీకి మన తేమ పడదు. ముసురు పట్టిన రోజు పూస్తే పైన మైనంలాంటి పొర తేలుతుంది, దాన్ని కడిగి తుడవకపోతే తర్వాతి పొర గట్టిగా అంటుకోదు. ఎండలో వేడెక్కితే నురుగూ ఎపాక్సీ కూడా మెత్తబడతాయి కాబట్టి ఈ విమానాలకి తెల్ల రంగే వేస్తారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ముందు రెక్కదే. వేరీఈజీ ముందు రెక్కకి గ్లాస్గో యూనివర్సిటీలో రూపొందించిన ఒక ఆకారం వాడారు. దాని మీద గాలి చాలా దూరం వరకు నున్నగా, కలత లేకుండా పారుతుంది కాబట్టి లిఫ్ట్ ఎక్కువ. కానీ ముందంచు మీద వాన చినుకులు నిలిచినా, పురుగులు కొట్టుకుని అంటుకుపోయినా ఆ నున్నని ప్రవాహం చెడిపోతుంది, లిఫ్ట్ తగ్గుతుంది. వానలోకి వెళ్లగానే ముక్కు వాలడం మొదలై, పైలట్లు స్టిక్ వెనక్కి లాగి పట్టుకోవాల్సి వచ్చేది. తర్వాత రెక్కల ఆకారాల నిపుణుడు జాన్ రోంజ్ వానకి తట్టుకునే ఆకారం డిజైన్ చేశాకే లాంగ్‌ఈజీల్లో ఆ బాధ తీరింది.

ఎండిన కాలిఫోర్నియా ఎడారిలో పుట్టిన రెక్క అది. జూన్ నుంచి నవంబరు దాకా వానలు పడే నేల మీద, వరి ఈనే రోజుల్లో సుడిదోమ దీపాల చుట్టూ ముసిరే చోట అదే రెక్కని కడితే, ఎడారిలో ఎప్పుడో వచ్చే ఇబ్బంది ఇక్కడ రోజూ వస్తుంది.

వేడి సంగతి కూడా చూడాలి. డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు. మే నెలలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఇక్కడి గాలి, 15 డిగ్రీల ప్రామాణిక గాలికన్నా సుమారు 8 శాతం పలచన. రెక్క దృష్టిలో అది దాదాపు 3 వేల అడుగుల ఎత్తున ఉన్నట్టే. తేమ చేరితే ఇంకొంచెం పలచనవుతుంది, ఎందుకంటే నీటి అణువు బరువు 18 అయితే పొడి గాలి సగటు 29. ఉక్కపోతలో గాలి బరువెక్కినట్టు మనకి అనిపిస్తుంది గానీ నిజానికి తేలికవుతుంది. కెనార్డ్‌లో పెద్ద రెక్కని దాని పూర్తి శక్తి దాకా వాడుకోనివ్వరు కాబట్టి రన్‌వే మామూలుగానే ఎక్కువ కావాలి. ఈ వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. ప్రతి గజం నేలా చేలో, చెరువులో, కొబ్బరితోటలో కలిసిపోయిన డెల్టాలో అది చిన్న సంగతి కాదు.

రుటాన్ మరో ఇద్దరితో కలిసి 1977లో తెచ్చిన క్విక్కీ అనే బుల్లి విమానం 18 హార్స్‌పవర్ ఇంజన్‌తో ఎగిరింది. అంత చిన్న ఇంజన్‌తో ఎగరడం నిజంగా గొప్పే. కానీ దాని చక్రాలు ముందు రెక్క రెండు కొసల్లో ఉంటాయి. కాలవ గట్టు రోడ్డు దానికి చాలదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఫ్రెంచివాడు ఆన్రీ మిన్యే కథ. ఆయన చేసిన బుల్లి విమానం పేరు పూ ద్యూ సియెల్, అంటే ఆకాశపు పేను. 1933లో ఎగిరింది. ముందొక రెక్క, దాని వెనకే కాస్త కిందుగా ఇంకో రెక్క. కాళ్లతో తొక్కే పెడల్స్ లేవు. స్టిక్ లాగితే ముందు రెక్క మొత్తం పైకి వంగుతుంది, పక్కకి తోస్తే చుక్కాని తిరుగుతుంది. వడ్రంగం వచ్చినవాడెవడైనా కట్టుకోవచ్చని మిన్యే 1934లో ప్లాన్లతో పుస్తకం వేశాడు. ఫ్రాన్స్‌లో, ఇంగ్లండులో జనం ఎగబడి కట్టారు. 1935, 36లలో వరసగా మరణాలు. చూసినవాళ్లంతా చెప్పింది ఒకటే: ముక్కు వాలింది, మళ్లీ లేవలేదు.

కారణం తెలుసుకోవడానికి ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండులోనూ నిజమైన విమానాన్నే తెచ్చి, ఫ్యాన్లతో గాలి తోలి పరీక్షించే పెద్ద విండ్ టన్నెల్‌లో పెట్టారు. ముక్కు వాలినప్పుడు పైలట్ ఏం చేస్తాడు? స్టిక్ లాగుతాడు. ముందు రెక్క ముందంచు పైకి లేస్తుంది, వెనకంచు కిందికి దిగుతుంది. దాంతో రెండు రెక్కల మధ్య సందు ఇరుకవుతుంది. ఆ సందులోంచి గాలి వేగంగా దూసుకుపోయి వెనక రెక్క మీద లిఫ్ట్ పెంచుతుంది. వెనక భాగం లేచి ముక్కు ఇంకా వాలుతుంది. ముక్కు 15 డిగ్రీలు కిందికి దిగాక స్టిక్ పూర్తిగా లాగినా తిరిగి రాదని లెక్క తేలింది. కాపాడాల్సిన కదలికే ముంచేసింది. రెక్కల అమరిక మార్చి ఆయన తర్వాత చేసిన విమానాలు క్షేమంగా ఎగిరాయి, ఆ వంశం ఇప్పటికీ ఉంది. అంటే రెండు రెక్కల ఆలోచన తప్పు కాదు, ఆ రెంటి మధ్య జానెడు సందే తప్పు.

స్టాల్‌ని పూర్తిగా వేరే దారిలో ఎదుర్కొన్నవాడు బార్నబీ వైన్‌ఫాన్. 1993లో ఎగిరిన ఆయన ఫేసెట్‌మొబైల్‌కి రెక్కలంటూ వేరే లేవు. బల్లపరుపు పలకలు కలిపి బట్ట కప్పిన ఒంటి ఆకారమే రెక్క. అంచుల దగ్గర పుట్టే సుడులు గాలిని పైభాగానికి అంటిపెట్టి ఉంచుతాయి కాబట్టి లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోదు. వాన, పురుగు దానికి పెద్దగా లెక్క కాదు. కానీ పొట్టి రెక్కకి సుడుల వల్ల వచ్చే ఈడ్పు (విమానాన్ని వెనక్కి లాగే బలం) ఎక్కువ, ఇంజన్ ఆగితే ఎంతో దూరం జారలేదు. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు పొడవాటి రెక్కలతో నీటికి ఆనుకుని, రెక్క ఆడించకుండా సాగిపోవడం చూస్తే దీనికి పూర్తి ఎదురు సంగతి అర్థమవుతుంది. పొడవు రెక్కకి కొసల సుడులు చిన్నవి, నీరు దగ్గరగా ఉంటే ఆ సుడులు విచ్చుకోవడానికి చోటు దొరక్క ఈడ్పు ఇంకా తగ్గుతుంది.

మన డెల్టా కాలేజీ పిల్లలు థర్మాకోల్ మోడళ్లు బాగా చేస్తారు. వాళ్లు కెనార్డ్ ఒకటి కోసి చూడాలని నా కోరిక. ముందు రెక్కకి వెనకదానికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కోణం ఇవ్వాలి. ముక్కులో బరువు పెట్టి విసరాలి, తర్వాత ఆ బరువు కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ విసరాలి. ఒక చోట దాటాక అది నిలకడ తప్పి తోక మీద కూలబడుతుంది. ముందు రెక్క, వెనక రెక్కలలో ఏది ముందు స్టాల్ అవుతోందో కళ్లారా కనిపిస్తుంది. కానీ ముందంచు మీద చినుకులకి బదులు దారం అంటించి వాన సంగతి తేల్చాలంటే ఆ మోడల్‌ని నమ్మకూడదు. అంత చిన్న రెక్క మీద, అంత తక్కువ వేగంలో గాలి నడత వేరు. పెద్ద రెక్కని చెడగొట్టే గరుకు, చిన్నదాని మీద కొన్నిసార్లు లిఫ్ట్‌ని పెంచుతుంది కూడా. మనిషి కూర్చునే రెక్కకి వాన పరీక్ష అసలు సైజులోనే, నేల మీద విండ్ టన్నెల్‌లోనో వాహనానికి బిగించో జరగాలి. ఆ తర్వాతే డీజీసీఏ కాగితాలు, ఆ తర్వాతే ఆకాశం.