చెట్టు కల్లు "అయిపోయింది" అంటే నిజంగానే అయిపోయింది: అపోహలు - వాస్తవాలు

మాది నకిరేకల్ దగ్గర ఊరు. 22 ఏళ్లుగా చెట్లు గీస్తున్నాను. నాకంటే ముందు నాన్న, ఆయనకంటే ముందు తాత ఇదే పని చేశారు. విజయవాడ హైవే దగ్గర్లోనే ఉంది కాబట్టి శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. పొద్దున 7 గంటలకు వచ్చినవాళ్లు కడుపు నిండా తాగి పోతారు. 10 దాటాక వచ్చినవాళ్లకు ఖాళీ బింకులు (కల్లు కుండలు) కనిపిస్తాయి. అప్పుడు అనే మాటలు కొన్ని ఏళ్లుగా వింటున్నాను. కోపం అర్థమవుతుంది, వంద కిలోమీటర్లు వచ్చి ఉత్త చేతులతో తిరిగి పోవడం ఎవరికైనా కష్టమే. కానీ ఆ మాటల్లో చాలావరకు తెలియక అనేవే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డిమాండ్ పెరగాలని కావాలనే తక్కువ దింపుతారు

అన్నిటికంటే ఎక్కువ వినేది ఇదే. పోయిన నెల ఒక తమ్ముడు వచ్చి, హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీ వాళ్లు కొత్త రకం బీరు పెట్టినప్పుడు కూడా ఇంతే, కొంచెమే చేసి జనాన్ని ఉరికిస్తారు అన్నాడు. వాళ్ల సంగతి వాళ్లు చెప్పుకోవాలి. నాకు తెలిసినంతవరకు ట్యాంకులో పట్టినంతే బీరు, అది ఖాళీ అయితే మళ్లీ మాల్ట్ కొని, నీళ్లు కాచి, రెండు మూడు వారాలు ఆగితే ఇంకో ట్యాంకు తయారవుతుంది. చెట్టుకు అలాంటి వీలు లేదు.

తాటిచెట్టు కల్లు ఎలా వస్తుందో చూడండి. గెల బయటికి రాగానే కల్లు కారదు. దాన్ని కొన్ని రోజులపాటు మెల్లగా నొక్కి, మెత్తబరిచి, కొస కోసి దారికి తెచ్చుకోవాలి. రసం మొదలయ్యాక పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పైకి ఎక్కి గీతకత్తితో గెల కొసను పలుచగా చెక్కాలి. ఎంత పలుచగా అంటే, చెక్కిన ముక్కను వెలుగుకు ఎత్తి పడితే అవతలి వైపు వెలుతురు కనబడాలి. మందంగా చెక్కితే ఆ రోజు రసం ఎక్కువేమీ రాదు, గెల మాత్రం తొందరగా అయిపోతుంది. చెక్కకుండా వదిలేస్తే కోసిన చోటు ఎండి మూసుకుపోతుంది. రెండింటి మధ్య చేతికి తెలిసిన లెక్క ఒకటి ఉంటుంది, అది నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

చెక్కిన చోటు నుంచి రసం చుక్క చుక్కగా లొట్టిలో పడుతుంది. రాత్రంతా పడితే లీటరో, లీటరున్నరో. మంచి చెట్టు, మంచి కాలం అయితే ఇంకొంచెం ఎక్కువ. నేను రోజుకు 10, 12 చెట్లు ఎక్కుతాను. పొద్దున, మాపటికి కలిపి లెక్కేస్తే అదే 20 దాటుతుంది. ఒక్కొక్కటి 40 నుంచి 60 అడుగులు. ఇప్పుడు మీరే లెక్క కట్టుకోండి, ఒక ఆదివారం పొద్దున నా దగ్గర ఎన్ని లీటర్లు ఉండగలవో.

ఈదుల సంగతి వేరు. ఈతచెట్టుకు గెలను కాదు, మొవ్వు కింద కాండాన్నే గీస్తాం. అందుకే రోజూ గీయకూడదు. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు ఎండబెట్టాలి. ఈ ఏడాది ఒక పక్క గీస్తే వచ్చే ఏడాది రెండో పక్క. ఈసారి వచ్చినప్పుడు పాత ఈతచెట్టు దగ్గర నిలబడి పైకి చూడండి, ఎడమకొకటి కుడికొకటి గాట్లు మెట్లలా కనిపిస్తాయి. ఒక్కో గాటు ఒక్కో ఏడాది. మా పొలం గట్టు మీద ఉన్న ఒక ఈదుకు కింది గాట్లు తాత పెట్టినవి. దాన్ని ఆశకొద్దీ ఎండబెట్టకుండా గీసి ఉంటే నా దాకా వచ్చేదే కాదు.

కాలాన్ని బట్టి రకం కూడా మారుతుంది. మా దగ్గర చలి పడగానే ఈత, సంక్రాంతి దాటాక పోత్తాడు (మగ తాటిచెట్టు), ఎండలు ముదిరాక పండుతాడు (ఆడ తాటిచెట్టు). మే నెలలో వచ్చి ఈత కల్లు అడిగితే నేనేం చేయగలను? వానాకాలంలో లొట్టిలోకి నీళ్లు దిగుతాయి, పైగా బోదె తడిసి జారుతుంది. ఒకసారి సన్న తుంపర పడుతుంటే నలుగురు వచ్చి, "గౌడన్నా, ఇంకో చెట్టు ఎక్కరాదే, రెట్టింపు ఇస్తం" అన్నారు. ఎక్కలేదు. మా వాడలో చెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచాన ఉన్నవాళ్లను నేను చూశాను. 2024 జులైలో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లు (జారి పడకుండా కట్టుకునేవి) మంచివే, కానీ వాటికి కూడా అలవాటు కావాలి, తడి చెట్టు మీద తొందర పడకూడదు. మోకు, ముస్తాదు (చెట్టు ఎక్కే తాడు, సరంజామా) కట్టుకుని మా గౌడుల దేవుడు కాటమయ్యకు మొక్కి ఎక్కే పని ఇది. అడిగినవాళ్లు చెడ్డవాళ్లని అనను. కింద నిలబడి చూసేవాళ్లకు 50 అడుగులు పెద్ద ఎత్తుగా కనిపించదు.

అపోహ: మంచిది లోపల దాచి తెలిసినవాళ్లకే పోస్తారు

ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. దాచడం అనను, తీసి పెడతాను. పొద్దున నాట్లకో, పత్తి ఏరడానికో పోయేవాళ్లు మాపటికి అలసిపోయి వస్తారు. వాళ్లు ఏడాది పొడవునా వస్తారు, వానలో వస్తారు, కల్లు కొంచెం పులిసిన రోజు కూడా మాట అనకుండా తాగి పోతారు. వాళ్ల కోసం మాపటి కల్లులో రెండు మూడు లొట్లు పక్కన పెడతాను. కారులో వచ్చినవాళ్లు ఎక్కువ ఇస్తామన్నా అవి అమ్మను. ధర కూడా అందరికీ ఒక్కటే.

పొద్దటి కల్లుకు మాత్రం ఎవరు ముందు వస్తే వాళ్లకే. ముందురోజు రాత్రి ఫోన్ చేస్తే ఎంత ఉండొచ్చో అంచనా చెప్తాను. ఖాయంగా ఇన్ని లీటర్లు అని మాట ఇవ్వను. రాత్రి గాలి దుమారం వస్తే లొట్టి ఒరిగిపోతుంది, కోతులు వస్తే పగలగొడతాయి. ఇద్దరికి మాట ఇచ్చి ఒకరిని ఖాళీగా పంపడం కంటే ముందే చెప్పడం నయం.

అపోహ: ఎప్పుడు పోయినా, ఎంత అడిగినా దొరికితే అది మంచి దుకాణం

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. దయచేసి ఈ భాగం నిదానంగా చదవండి.

చుట్టుపక్కల గీసే చెట్లు లేవు, కాలం కాదు, మధ్యాహ్నం 2 గంటలైంది, అయినా డ్రమ్ముల కొద్దీ కల్లు ఉందంటే అది చెట్టు నుంచి రాలేదు. నీళ్లలో చక్కెరో, శాక్రిన్నో కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటివి వేస్తారు. ఇవి నిద్రకు, ఆందోళనకు వాడే మందులు. ఎవరికి ఎంత మోతాదు పోతుందో పోసేవాడికే తెలియదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయిన సంగతి అందరం చూశాం.

ఇంకో సంగతి తక్కువ మందికి తెలుసు. ఈ మందు కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, పిచ్చి పిచ్చిగా మాట్లాడతారు. 2015లో దాడులు జరిగి కల్తీ ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఆసుపత్రులకు ఇలాంటివాళ్లు చాలామంది వచ్చారు. చూసినవాళ్లు "కల్లు మానేస్తే పిచ్చి లేస్తుంది" అనుకున్నారు. అది చెట్టు కల్లు చేసిన పని కాదు, అందులో కలిపిన మందు చేసిన పని. ఇంట్లో ఎవరైనా అలా ఉంటే బలవంతంగా ఒక్కరోజులో మాన్పించకండి, తాయెత్తులు కట్టించకండి, ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. డాక్టర్లు మెల్లగా బయటికి తెస్తారు.

రెండు గ్లాసులకే నాలుక మొద్దుబారి, కళ్లు మూతలు పడి, మరుసటి రోజు మధ్యాహ్నం దాకా తల లేవలేదంటే "కల్లు స్ట్రాంగ్‌గా ఉంది" అని మెచ్చుకోకండి. చెట్టు కల్లులో ఆల్కహాల్ దాదాపు బీరులో ఉన్నంతే, 4, 5 శాతం. దానితో అలా కాదు.

అపోహ: నురగ ఉంటే, చీమలు పడితే అది అసలు కల్లు

నురగ ఈస్ట్ పని. రసంలో చక్కెర నూటికి 10 నుంచి 15 పాళ్ల దాకా ఉంటుంది. గాలిలో, లొట్టి గోడకు ఉండే ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాల్‌నూ, బుడగలు తెచ్చే గాలినీ తయారు చేస్తుంది. చక్కెర నీళ్లలో ఈస్ట్ వేసినా అదే నురగ వస్తుంది. చీమలు, తేనెటీగలు తీపికి వస్తాయి, చెట్టు తీపా దుకాణం చక్కెరా అని చూడవు. నిజంగా తెలుసుకోవాలంటే ఒక్కటే దారి: పొద్దున్నే వచ్చి దింపుతుంటే చూడండి. ఏ గీత కార్మికుడూ చూడొద్దని అనడు.

"పొద్దున దింపింది కాబట్టి నీరానే (ఇంకా పులవని తీపి రసం), పిల్లలకు పోయొచ్చు" అని కూడా అంటారు. కాదు. లొట్టిలో నిన్నటి ఈస్ట్ ఉంటుంది కాబట్టి మొదటి చుక్క పడ్డప్పటి నుంచే పులవడం మొదలవుతుంది. నీరా కావాలంటే శుభ్రం చేసిన కుండ లోపల సున్నం పూయాలి, దింపగానే చల్లగా పెట్టాలి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచాక మంది అడగడం ఎక్కువైంది. నేను కట్టేది మామూలు లొట్టి, అందులో నుంచి పిల్లలకు పోయను. వాళ్ల తండ్రే అడిగినా పోయను.

అపోహ: బాటిల్‌లో పట్టుకుపోతే రాత్రికి తాగొచ్చు

ఒక ఆదివారం హైదరాబాద్ అన్న ఒకాయన కూల్‌డ్రింక్ బాటిల్ మూతి దాకా నింపించుకుని గట్టిగా బిగించాడు. వదులుగా పెట్టమని చెప్పాను, కారు సీటు పాడవుతుందని వినలేదు. గంట తర్వాత చౌటుప్పల్ దగ్గర నుంచి ఫోన్. బాటిల్ ఉబ్బి మూత ఎగిరిపోయింది, వెనక సీట్లో పాప ఉలిక్కిపడి ఏడుస్తోంది. పాపకు దెబ్బ తగలలేదు, అదే పదివేలు. అప్పటి నుంచి మూత గట్టిగా బిగిస్తే నేను పోయడం లేదు.

తీసుకుపోవాలంటే మూడో వంతు ఖాళీ ఉంచండి, మూత వదులుగా ఉంచండి, ఐస్ పెట్టెలో నిలబెట్టండి. చల్లదనం పులుపును నెమ్మదింపజేస్తుంది, ఆపదు. మధ్యాహ్నానికి రుచి మారుతుంది, మరుసటి రోజుకు సిర్కా వాసన వస్తుంది. రాత్రి తాగి "మోసం చేశావు, పుల్లగా ఉంది" అని ఫోన్ చేసేవాళ్లకు నా జవాబు ఇదే: పొద్దున మీరు ఇక్కడ తాగిందే అది.

ఇంకొన్ని

కిడ్నీలో రాళ్లు కరుగుతాయని చాలామంది వస్తారు. మూత్రం ఎక్కువ వస్తుంది, అంతవరకే నేను చెప్పగలను. నొప్పితో వచ్చినవాళ్లకు పోయకుండా నల్లగొండ ఆసుపత్రికి పొమ్మంటాను.

కల్లు తాగితే పోలీసుల మిషన్‌లో పడదని బండి మీద వచ్చే పిల్లలు అనుకుంటారు. ఆల్కహాల్ ఏదైనా ఒకటే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. హైవే పక్కన ఉన్న మాకు ఆ యాక్సిడెంట్లు చూసీ చూసీ గుండె బరువెక్కింది. నడిపేవాళ్లకు పోయను, ఇది కచ్చితం.

చెట్టు మీది నుంచి వచ్చింది కాబట్టి వడగట్టక్కర్లేదు, కడగక్కర్లేదు అనడం కూడా తప్పు. రాత్రిపూట గబ్బిలాలు లొట్టి మీద వాలతాయి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన పచ్చి ఈత రసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకింది. అక్కడ కుండల మీద వెదురు తడకలు కడుతున్నారు. నేను సన్న వల కడుతున్నాను. దాని వల్ల పొద్దున పని కొంచెం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి.

వేపచెట్టు కల్లు కారుతోందంటే ఊళ్లకు ఊళ్లు చెంబులు పట్టుకుని పోతాయి. ఎవరూ గీయకుండా, బోదెకు దెబ్బ తగిలో, తెగులు సోకో నురగలా కారే రసం అది. మందని తాగకండి. మొక్కుకోవడం మీ ఇష్టం.

ఈ శుక్రవారం నుంచి మంగళవారం దాకా 5 ఈదులు ఎండబెడుతున్నాను. ఈ ఆదివారం మామూలు కంటే తక్కువ ఉంటుంది. ఆరున్నరకల్లా దింపడం అయిపోతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఒకసారి ఫోన్ చేసి బయలుదేరండి.