ఎమ్మెల్యే రాజకీయ జీవితం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఎమ్మెల్యేల క్యాంపు కార్యాలయాల్లో చాలాకాలంగా పనిచేస్తున్నందున, శాసనసభ్యుల గురించి జనంలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఒకసారి ఓడితే నాయకుడి పని అయిపోయినట్లే.

వాస్తవం: మన జిల్లాల చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. నల్లగొండ నుంచి 1999 మొదలు 2014 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచిన కోమటిరెడ్డి వెంకటరెడ్డి 2018లో అక్కడే ఓడి, మరుసటి ఏడాది భువనగిరి ఎంపీగా గెలిచి, 2023లో మళ్లీ నల్లగొండ ఎమ్మెల్యే అయ్యారు. 2006లో మిడ్జిల్ జడ్పీటీసీగా, 2007లో ఎమ్మెల్సీగా స్వతంత్రంగా నెగ్గిన రేవంత్ రెడ్డి, కొడంగల్‌లో రెండుసార్లు గెలిచి 2018లో అదే స్థానంలో ఓడిపోయారు. 2019లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు, 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. అంతెందుకు, ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావే 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు; హిందూపురంలోనూ పోటీచేసి గెలిచారు గనుక సభలో ప్రతిపక్ష నేతగా కూర్చోగలిగారు. ఓడినవారిని నిలబెట్టేది మండలాల్లోని కార్యకర్తలు చెదిరిపోకుండా ఉండటమేనని నా అభిప్రాయం. ఓడిన మర్నాటి నుంచి ఊళ్లలో పెళ్లిళ్లకు, చావులకు ముఖం చాటేసేవారి సంగతి వేరు.

అపోహ: నియోజకవర్గ నిధులు ఎమ్మెల్యే చేతికే వస్తాయి.

వాస్తవం: రావు. ఎమ్మెల్యే పనిని ప్రతిపాదిస్తారు, ఇంజనీర్లు అంచనా వేస్తారు, మంజూరు కలెక్టరు ద్వారా జరుగుతుంది. కల్యాణలక్ష్మి కింద పంచే రూ.1,00,116 చెక్కు కూడా ప్రభుత్వ ఖజానాదే.

అపోహ: సభ లేని రోజుల్లో ఎమ్మెల్యేకు పని ఉండదు.

వాస్తవం: అసలు పని అప్పుడే ఉంటుంది. తెల్లవారేసరికి ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు పట్టుకొని జనం గేటు దగ్గర ఉంటారు. వారిలో చాలామందిది ఆసుపత్రి బాధే. నిమ్స్‌లో ఆపరేషన్‌కు ముందుగా ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) తీసుకోవాలని, ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టేసినవారు ఒరిజినల్ బిల్లులతో తర్వాత దరఖాస్తు చేసుకోవాలని తెలియక, బిల్లులు పోగొట్టుకొని వచ్చేవారికి లెటర్ ప్యాడ్ మీద ఎంత గట్టిగా రాసిచ్చినా ఫలితం ఉండదు.

అపోహ: పార్టీ మారితే పదవి వెంటనే పోతుంది.

వాస్తవం: 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం అనర్హతపై నిర్ణయించేది స్పీకరు; నిర్ణయం వెలువడేదాకా ఆ సభ్యుడు ఎమ్మెల్యేగానే కొనసాగుతారు. రాజీనామా చేసి మారడం మరో దారి. 2022లో మునుగోడు ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఈ దారినే ఎంచుకొని, ఉపఎన్నికలో బీజేపీ తరఫున నిలిచి 10 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. మరుసటి ఏడాది కాంగ్రెస్‌కు తిరిగివచ్చి అదే మునుగోడులో గెలిచారు.